పందెం కారుని పదిమందికి అందించిన కరివర్ధన్

పోయిన సంక్రాంతికి మా పక్కూరి కుర్రోడొకడు హైవే మీద బైకు పందెం కట్టి, మళ్లీ ఇంటికి రాలా. ఇరవై ఏళ్లు కూడా నిండలా. మెకానిక్కు షెడ్డులో పనిచేసేవాడు, చప్పుడు విని ఇంజిను రోగం చెప్పేవాడు. ఆ పిల్లోడు పోయినకాడి నుంచి నాకు కరివర్ధన్ గుర్తొస్తన్నాడు.

ఎవరీయన అంటారా? ఎస్. కరివర్ధన్, కోయంబత్తూరు మనిషి. పుట్టింది 1954లో. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు పెట్టిన లక్ష్మీ మిల్స్ కుటుంబం వాళ్లది. తరాల కిందటే అటుపోయి స్థిరపడ్డ తెలుగు నాయుళ్లు. నేను పదో తరగతి తప్పి చిలకలూరిపేట వైపు ఓ జిన్నింగ్ మిల్లులో బేళ్ల లెక్క రాసేవాణ్ణి. మన నల్లరేగడి పత్తిని గింజ తీసి, బిగించి, లారీకెత్తితే చానా బళ్లు తమిళనాడు దారే పట్టేయి. కోయంబత్తూరు పేరు నేను ముందు విన్నది ఆడే.

డబ్బున్న ఇల్లే, దాచేదేం లేదు. ఆ రోజుల్లో కారు పందేలంటే రాజావార్లు, మిల్లు ఓనర్ల ఆట. మద్రాసు దగ్గర షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఉండేది. పందేలు దాని మీదే. చూట్టానికి వేలమంది జనం, తోలేది మాత్రం గుప్పెడు మంది. పైదేశం కారు, దాని సామాను తెప్పించుకోగలిగినోడిదే పైచెయ్యి. కరివర్ధన్ కూడా ఆడ తోలి పేరు తెచ్చుకున్నోడే.

ఆయన అక్కడితో ఆగిపోతే నేనీ నాలుగు ముక్కలు రాసేవాణ్ణి కాదు. 1983లో మారుతి 800 రోడ్డెక్కింది. 796 సీసీ, మూడు సిలిండర్ల బుల్లి ఇంజిను. ఏ ఊళ్లో మెకానిక్కైనా విప్పి బిగించగలడు. కరివర్ధన్ ఆ ఇంజినే తీసుకుని ఒంటిసీటు రేసుకారు తయారు చేశాడు. దాన్నే ఫార్ములా మారుతి అన్నారు. అందరికీ ఒకే రకం కారు, ఒకే ఇంజిను. ఇంక గెలుపు జేబులో ఉండదు, తోలేవాడి చేతిలో ఉంటది. తను ఒక్కడే తోలి కప్పు ఎత్తుకోవడం మాని, కార్లు కట్టి కుర్రోళ్ల చేతికిచ్చే మనిషయ్యాడు.

1995లో విమాన ప్రమాదంలో పోయాడు. నలభై దాటి ఎన్నాళ్లో కాలా. కానీ ఆయన వేసిన విత్తనం మొలిచింది. నరేన్ కార్తికేయన్ మొదట పందెంలో దిగింది ఆ ఫార్ములా మారుతితోనే. అదే నరేన్ 2005లో జోర్డాన్ టీం కారెక్కి ఫార్ములా వన్‌లో తోలిన మొదటి భారతీయుడయ్యాడు. కోయంబత్తూరు పక్కన చెట్టిపాళెంలో కట్టిన రేసు ట్రాకుకి కరి మోటార్ స్పీడ్‌వే అని ఈయన పేరే పెట్టుకున్నారు.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యమని కాదు నేననేది. మిల్లు సొమ్ములో పత్తి పండించినోడి చెమట ఉంది, మిల్లు కూలీ చెమటా ఉంది. ఫార్ములా మారుతి వచ్చాక కూడా మిరపకోతకెళ్లే ఇంటి పిల్లోడికి ఆ ఆట అందలా. అయినా కలిగినోళ్లలో ఒకడు గేటు కాస్త తెరిచాడు. మిగతాది తెరవాల్సింది ఎవరు?

మన ప్రకాశం జిల్లా దొనకొండలో కూడా బ్రిటిషోళ్ల నాటి విమానాల మైదానం ఏళ్ల తరబడి ఖాళీగా పడుంది. షోలవరంలో జరిగింది ఈడ ఎందుకు జరగకూడదు? కంచె, అంబులెన్సు, హెల్మెట్టు, నేర్పే మనిషి. ఈ నాలుగూ ఉంటే మా పక్కూరి కుర్రోడు ఇయ్యాల ఉండేవాడేమో. తమ్ముళ్లూ, స్పీడు తప్పు కాదు. లారీల మధ్య చూపించడమే తప్పు. పందెం కాయాలనిపిస్తే ముందు చోటు అడగండి. మీతోపాటు అడగటానికి నేనూ వస్తా.