విడిపోని సీసమే జాడ చెప్పింది
బెల్లంపల్లి నుంచి హైదరాబాద్ వెళ్లి పెట్ స్కాన్ తీయించుకున్నవాళ్లు మీకు తెలిసే ఉంటారు. ఒంట్లోకి ఎక్కించిన కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం ఎక్కడ చేరిందో చూసి జబ్బును పట్టేస్తారు. ఈ ఆలోచన జార్జ్ హెవెసీది. 1885లో బుడాపెస్ట్‌లో పుట్టారు. మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ ఆయనకు ఓ పని అప్పగించారు: సీసంలోంచి రేడియం-డిని విడదీయాలి. ఎంత తంటాలు పడ్డా కాలేదు. ఎలా అవుతుంది, రేడియం-డి కూడా సీసమే మరి! మీరైతే వదిలేసేవారేమో. విడిపోదంటే సీసం ఎటు పోతే అటే పోతుంది, దాని జాడ చెబుతుంది కదా అనుకున్నారు హెవెసీ. 1913లో వియన్నాలో పానెత్‌తో కలిసి అది చేసి చూపించారు. 1935లో ఎలుకలకు రేడియో ఫాస్ఫరస్ ఇచ్చి, ఎముక నిత్యం మారుతూనే ఉంటుందని తేల్చారు. 1943 రసాయనశాస్త్ర నోబెల్ ఆయనదే. 1966లో కన్నుమూశారు. బీఎస్సీ చదువుతున్నారా? ముంబైలోని రేడియేషన్ మెడిసిన్ సెంటర్ కోర్సుల నోటిఫికేషన్‌పై ఓ కన్నేసి ఉంచండి.