కుర్చీ దిగి కత్తి పట్టిన ఆచార్యుడు: ఆండ్రియాస్ వెసాలియస్

మన హాస్టల్లో చదివి మెడిసిన్ సీటు తెచ్చుకున్న అన్నలు సెలవులకు వచ్చినప్పుడు మేమంతా చుట్టూ చేరి అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే. శవాన్ని ముట్టుకున్నారా అని. ముట్టుకోవడమేమిటి, మొదటి సంవత్సరం దాని పక్కనే నిలబడి ఒక్కో కండరం, ఒక్కో నరం విడదీసి చూస్తామని, ఫార్మలిన్ ఘాటుకు కళ్లు మండుతాయని, మొదట్లో అన్నం సహించదని వారు చెబుతారు. మన ఊళ్లలో చావుకబురు మోసిందెవరో, గొయ్యి తవ్విందెవరో మనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఆ పని చేసినవారిని అంటరానివారన్న సమాజంలోనే, శవం ముందు నిలబడి నేర్చుకుంటే గాని ఎవరూ డాక్టరు కాలేరు. ఒకప్పుడు యూరప్‌లోనూ పెద్ద చదువులు చదివిన వైద్యులు శవం మీద చెయ్యి వేసేవారు కాదు. ఆ పద్ధతిని మార్చినవారిలో మొదట చెప్పుకోవలసిన పేరు ఆండ్రియాస్ వెసాలియస్. ఆయన జీవితాన్ని మాకు తెలిసినంతలో ఇక్కడ పరిచయం చేస్తున్నాము.

వెసాలియస్ 1514 డిసెంబరు 31న బ్రసెల్స్ నగరంలో జన్మించారు. తాతముత్తాతలు వైద్యులు. తండ్రి ఐదవ చార్లెస్ చక్రవర్తి కొలువులో మందులు తయారుచేసే ఉద్యోగి. మనలో చాలామందిలాగా ఇంట్లో మొదటిసారి బడి మెట్లు ఎక్కినవారు కాదు. 1533లో వైద్యవిద్య కోసం పారిస్ వెళ్లారు.

అప్పటి అనాటమీ పాఠం తీరు వింటే నవ్వొస్తుంది. ఆచార్యులవారు ఎత్తయిన కుర్చీలో కూర్చుని లాటిన్ పుస్తకం చదువుతూ ఉంటారు. కింద బల్ల దగ్గర క్షురకుడు శవాన్ని కోస్తుంటాడు. అతనికి లాటిన్ రాదు. చదివేవారికి కోయడం రాదు. పుస్తకంలో ఉన్నదీ బల్ల మీద ఉన్నదీ ఒకటేనా అని సరిచూసే పని ఎవరిదీ కాదు. చేత్తో చేసే పని తక్కువ పని అని వైద్యులు అనుకోవడమే దీనికి కారణం. మన పల్లెల్లోనూ గడ్డలు కోసినవారు క్షురకులే, పురుళ్లు పోసింది వారి ఇంటి ఆడవారే. వారిని వైద్యులని మాత్రం ఎవరూ అనలేదు.

ఆ పుస్తకం గేలన్‌ది. గేలన్ రెండవ శతాబ్దంలో రోమ్‌లో పనిచేసిన గ్రీకు వైద్యుడు. మనిషి శవాన్ని కోసే వీలు లేక కోతులను, పందులను, మేకలను కోసి చూసి రాశాడు. ఎంతో శ్రమపడి రాసిన మాట నిజమే. కానీ ఆ తర్వాత 1300 ఏళ్లపాటు దాన్ని వేదవాక్కుగా పెట్టుకున్నారు.

పారిస్‌లో వెసాలియస్ విద్యార్థిగా ఉండగానే కత్తి తానే అందుకున్నారు. కోతకు శవాలు దొరకడం అరుదు గనుక శ్మశానాలకు వెళ్లి ఎముకలు ఏరుకున్నారు. ఉరికంబాల దగ్గర కుక్కలు మీదపడితే తప్పించుకున్నారు. కళ్లకు గంతలు కట్టుకుని, చేతితో తడిమి, అది ఏ ఎముకో చెప్పగలిగేంత సాధన చేశారు. పరీక్ష ముందు రాత్రి బట్టీ పట్టే మాబోటివాళ్లకు ఇది కొంచెం ఇబ్బంది పెట్టే సంగతే.

1536లో యుద్ధం రావడంతో పారిస్ వదిలి లూవెన్ చేరారు. ఊరి బయట ఉరికంబానికి ఒక దొంగ కళేబరం వేలాడుతూ కనిపించింది. పక్షులు తినగా ఎముకలు మాత్రం మిగిలి ఉన్నాయి. స్నేహితుడి సాయంతో కంబం ఎక్కి కాళ్లు చేతులు రహస్యంగా ఇంటికి చేర్చారు. గొలుసుతో కట్టి ఉన్న మొండెం కోసం, ఒక సాయంత్రం కోట తలుపులు మూసే వేళ కావాలనే బయట ఉండిపోయి, చీకట్లో దాన్ని విప్పి తెచ్చారు. అస్థిపంజరమంతా కూర్చి నిలబెట్టి, పారిస్ నుంచి తెచ్చానని అబద్ధం చెప్పారు.

1537 డిసెంబరులో ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయంలో డాక్టరు పట్టా వచ్చింది. వెంటనే అక్కడే శస్త్రచికిత్స, అనాటమీ చెప్పే ఉద్యోగమిచ్చారు. అప్పటికి ఆయనకు 23 ఏళ్లు నిండలేదు. ఆయన కుర్చీ ఎక్కలేదు. బల్ల దగ్గర నిలబడి తానే కోస్తూ, తానే చూపిస్తూ, విద్యార్థులను దగ్గరకు పిలిచి తాకి చూడమన్నారు. ఫార్మలిన్ లేని కాలమది. అందుకే చలికాలంలోనే కోసేవారు. త్వరగా కుళ్లిపోయే కడుపు భాగాలు ముందు చూపేవారు, కాళ్లు చేతులు చివర. 1539లో అక్కడి న్యాయాధికారి ఒకరు మరణశిక్ష పడినవారి శవాలను ఆయనకు ఇప్పించడం మొదలుపెట్టారు.

ఆయన జీవితంలో మాకు బాగా నచ్చిన ఘట్టం ఒకటుంది. మెదడు అడుగున అద్భుతమైన రక్తనాళాల వల ఒకటి ఉంటుందని గేలన్ రాశాడు. మనిషి తలలో అది వెసాలియస్‌కు కనబడలేదు. అయినా 1538లో అచ్చువేసిన బొమ్మల్లో దాన్ని గీశారు. తల కోసి చూపేటప్పుడు పక్కన గొర్రె తలనో ఎద్దు తలనో సిద్ధంగా ఉంచుకుని అందులో చూపించేవారు. అంటే కంటికి కనబడనిదాన్ని పుస్తకం చెప్పింది కనుక ఉందన్నారు. తర్వాత ఆ మాట తానే అచ్చులో ఒప్పుకున్నారు, తన తెలివితక్కువతనానికి తానే ఆశ్చర్యపోయారు. 1540లో బొలోన్యాలో మనిషి అస్థిపంజరాన్నీ కోతి అస్థిపంజరాన్నీ పక్కపక్కన నిలబెట్టి, గేలన్ రాసింది ఎక్కడెక్కడ కోతికి సరిపోతుందో చూపించారు.

1543లో బాసెల్ నగరంలో ఆయన మహాగ్రంథం ఫాబ్రికా వెలువడింది. ఏడు భాగాలు, 200కు పైగా బొమ్మలు. చెక్క అచ్చులను ఆల్ప్స్ పర్వతాలు దాటించి తీసుకెళ్లారు. మనిషి కింది దవడ ఒకే ఎముక, గేలన్ చెప్పినట్టు రెండు కాదు. ఛాతీ మధ్య ఎముకలో ఏడు భాగాలు లేవు, మూడే. అప్పటికి ఆయన వయసు 28. పారిస్‌లో పాఠం చెప్పిన గురువు సిల్వియస్ ఆయనను పిచ్చివాడని తిడుతూ 1551లో పుస్తకమే రాశాడు. గేలన్ తప్పు రాయలేదు, అప్పటినుంచి మనుషుల శరీరాలే మారిపోయాయని ఆయన వాదన!

ఫాబ్రికా ముఖచిత్రం చూడదగ్గది. కిక్కిరిసిన జనం మధ్య వెసాలియస్ బల్ల పక్కన నిలబడి స్వయంగా ఒక స్త్రీ శవాన్ని చూపిస్తుంటారు. ఆచార్యుల కుర్చీ ఉండాల్సిన చోట అస్థిపంజరం ఉంది. మరి ఇన్నాళ్లూ కోసిన క్షురకులు? బల్ల కింద ఉన్నారు, కత్తుల దగ్గర. ఆచార్యుడు కిందికి దిగివచ్చాడు సరే, కింద ఉన్నవారిని పైకి తీసుకురాలేదు. ఈ బొమ్మ చూసినప్పుడల్లా మాకు మనసు చివుక్కుమంటుంది. ఇంకో సంగతీ దాచడం ఇష్టం లేదు. పాడువాలో ఆయన శిష్యులు ఒక స్త్రీ శవాన్ని సమాధి నుంచి దొంగిలించి, బంధువులు గుర్తుపట్టకుండా చర్మం ఒలిచేశారు. దీన్ని ఆయన ఏ సంకోచమూ లేకుండా రాసుకున్నారు. బల్ల మీదికి వచ్చినవారు ఉరిపడినవారు, అడిగేవారు లేనివారు, అడిగినా వినిపించుకోబడనివారు. ఇప్పుడు శరీరదానం చేసే పెద్దమనసు గలవారు ఉన్నారు గాని, మన కాలేజీలు చాలాకాలం అనాథ శవాల మీదే ఆధారపడ్డాయి.

ఫాబ్రికా తర్వాత ఆయన చక్రవర్తి కొలువులో వైద్యుడిగా చేరారు. వెళ్లేముందు రాసుకున్న కాగితాలు ఎన్నో తగలబెట్టుకున్నారు. పెళ్లయింది, ఒక కూతురు. 1555లో ఫాబ్రికాను దిద్ది మళ్లీ అచ్చువేయించారు. 1559లో రాజు రెండవ ఫిలిప్ కొలువుతో స్పెయిన్ వెళ్లారు. అక్కడ కోతకు శవం సంగతి అటుంచి, చూడటానికి ఒక పుర్రె కూడా దొరకడం లేదని బాధపడ్డారు.

మన దేశంలో ఆధునిక వైద్యవిద్యలో భాగంగా శవాన్ని కోసిన తొలి భారతీయుడిగా పండిత మధుసూదన్ గుప్తాను చెప్పుకుంటారు. అది 1836లో, కలకత్తా మెడికల్ కాలేజీలో. అప్పటికి ఫాబ్రికా వచ్చి దాదాపు మూడు వందల ఏళ్లు.

వెసాలియస్ 1564లో జెరూసలేం యాత్రకు వెళ్లి తిరిగివస్తూ గ్రీకు దీవి జకింథోస్‌లో మరణించారు. 49 ఏళ్లు. ఆయన సమాధి ఎక్కడుందో ఈనాటికీ తెలియదు. 1543లో బాసెల్‌లో ఆయన కోసి, ఎముకలు కూర్చి నిలబెట్టిన మనిషి మాత్రం ఆ నగరపు అనాటమీ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాడు. మరణశిక్ష పడిన నేరస్థుడతను. పేరు యాకోబ్ కారర్.