ల్యాబ్ నుంచి వెళ్లిపొమ్మన్నాక...

మెదడుకి కాసేపు ఆక్సిజన్ తగ్గిందనుకోండి. కాన్పు కష్టమై బిడ్డకు ఊపిరి అందకపోయినా, పెద్దవాళ్లకి స్ట్రోక్ వచ్చినా జరిగేది అదే. నరాల కణాలు దెబ్బతింటాయి, సరే. అసలు కథ ఆ తర్వాత ఉంది. మెదడులో కాపలా కాసే కణాలుంటాయి, పేరు మైక్రోగ్లియా. మామూలుగా పుట్టిన వెంటనే ముక్కలైపోయే హెచ్‌ఐఎఫ్-1 ఆల్ఫా అనే ప్రొటీన్, ఆక్సిజన్ పడిపోతే వీటిలో పేరుకుపోతుంది. ఎన్‌ఎఫ్-కప్పా బి అనే మరో స్విచ్ కూడా ఆన్ అవుతుంది. దాంతో టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా లాంటి వాపు పుట్టించే రసాయనాలు వదులుతాయి. చచ్చిన కణాల్ని ఊడ్చేయడం వరకు మంచిదే. మోతాదు మించితే బతికున్నవాటికీ దెబ్బే.

ఇంటర్‌లో బయాలజీ వదిలేసిన నాలాంటి బీటెక్ వాడికి ఇదంతా కొత్త. చదువుతూ పోతే ఒకాయన దగ్గర ఆగిపోయా. పియో దెల్ రియో ఓర్తెగా.

1882లో స్పెయిన్‌లోని పోర్తియో అనే ఊళ్లో పుట్టారు. 1905లో వల్లదోలిద్‌లో వైద్యవిద్య పూర్తిచేసి, సొంతూళ్లోనే కొంతకాలం డాక్టరుగా చేశారు. మనసు మాత్రం మైక్రోస్కోపు మీదే. మాడ్రిడ్ వెళ్లి అచూకారో అనే శాస్త్రవేత్త దగ్గర చేరారు. ఆ గురువు 1918లో పోయాక, ఏకంగా కహాల్ ల్యాబ్‌లో పని. కహాల్ అంటే 1906లో నోబెల్ అందుకున్నవాడు. గల్లీ క్రికెట్ కుర్రాడికి సచిన్ పక్కన నెట్స్ దొరికినట్టన్నమాట.

మెదడులో నరకణాలూ కాక, ఆస్ట్రోసైట్లూ కాక మిగిలినవాటిని కహాల్ 'మూడో రకం' అనేసి వదిలేశారు. ఆయన రంగులకి వాటి కొమ్మలు కనపడలేదు మరి. ఓర్తెగా సిల్వర్ కార్బొనేట్‌తో కొత్త రంగు పద్ధతి తయారు చేశారు. కొమ్మలు కనపడ్డాయి. 1919లో మైక్రోగ్లియాకి ఆ పేరు పెట్టారు. దెబ్బ తగిలినచోటికి ఇవి కదిలెళ్తాయని, కొమ్మలు ముడుచుకుని గుండ్రంగా మారి చెత్తని మింగేస్తాయని కూడా రాశారు. మూడో రకంలో మిగిలినవి ఒలిగోడెండ్రోసైట్లని తర్వాత తేల్చారు. అంటే గురుతుల్యుడి లెక్క సరిచేశారు. అది కహాల్‌కి అంత తేలిగ్గా మింగుడు పడలేదు.

దానికి తోడు ల్యాబ్‌లో తగాదాలు. 1920లో వెళ్లిపొమ్మన్నారు. అప్పటికి ఓర్తెగాకి 38 ఏళ్లు. పేరు తెచ్చే పని చేతిలో ఉంది, కూర్చోడానికి బల్ల లేదు! పరిశోధనల బోర్డు రెసిడెన్సియా అనే విద్యార్థుల వసతిగృహంలో వేరే ల్యాబ్ ఇచ్చింది. కవి లోర్కా, చిత్రకారుడు డాలీ ఉన్న హాస్టలే అది. ఆయన అక్కణ్నుంచే పని కొనసాగించారు, విదేశాల వాళ్లు అక్కడికే వచ్చి నేర్చుకున్నారు.

నోబెల్‌కి నామినేట్ అయ్యారు గానీ రాలేదు. 1936లో అంతర్యుద్ధం మొదలయ్యాక పారిస్, ఆక్స్‌ఫర్డ్, చివరికి బ్యూనస్ ఐరిస్. అక్కడే 1945లో క్యాన్సర్‌తో పోయారు. 1986లో ఆయన అవశేషాల్ని వల్లదోలిద్‌కి తెచ్చారు.