భాస్వరం లెక్క తేల్చిన మన సుబ్బారావు

మెట్రిక్ రెండుసార్లు తప్పిన కుర్రాడు హార్వర్డ్ దాకా వెళ్లాడంటే మనకు నమ్మబుద్ధి కాదు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. ఇల్లు గడవడమే కష్టమైనా తల్లి వెంకమ్మగారు చదువు మాన్పించలేదు. మూడోసారి మెట్రిక్ గట్టెక్కారు.

మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు తెల్లదొర ప్రొఫెసర్‌కు కంటగింపైంది. ఎం.బి.బి.ఎస్. రావలసిన చోట ఎల్.ఎం.ఎస్. చేతికిచ్చారు. స్ప్రూ జబ్బు ఇద్దరు అన్నదమ్ములను పొట్టనపెట్టుకుంది. అయినా కుంగిపోక అమెరికా వెళ్లి, ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల పాత్రలు కడుగుతూ చదువుకున్నారు.

1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు.

ఈ ఏటీపీకీ మన ఇళ్లలో పెద్దల బీపీకీ ఏమిటి సంబంధం? మనం చటుక్కున లేచి నిలబడితే రక్తపోటు కాస్త తగ్గుతుంది. మెడలోని రక్తనాళాల గోడల్లో ఉన్న నరాల కొసలు ఆ కబురు మెదడుకు చేరవేస్తాయి. మెదడు ఆజ్ఞతో గుండె దగ్గర నార్ అడ్రినలిన్ విడుదలై కణం మీది గ్రాహకానికి అంటుకుంటుంది. అప్పుడు లోపలి ఏటీపీ నుంచి సైక్లిక్ ఏఎంపీ తయారై గుండె గట్టిగా కొట్టుకుంటుంది. సైక్లిక్ ఏఎంపీ ద్వారా హార్మోన్లు పనిచేసే తీరు తేల్చినందుకు సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది.

బీపీ జబ్బులో ఈ ఏర్పాటే దారి తప్పుతుంది. యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ మెదడులోని గ్రాహకాల మీద పనిచేసి, ఆ సర్దుబాటును మందగింపజేస్తుంది. నరాలు ఎక్కువ పోటుకే అలవాటుపడిపోతాయి.

సుబ్బారావుగారు 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ మందు ఆయన బృందం కృషే. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో గుండెపోటుతో, 53 ఏళ్లకే కన్నుమూశారు. నోబెల్ రాలేదు. తిరిగి సొంతగడ్డ చూడనూ లేదు.

మర్రిపాడు హాస్టల్ తమ్ముళ్లారా! ఒకసారి తప్పితే చదువు అయిపోయినట్టు కాదు. ఇంకొక మాట. బీపీ చాలామందికి పైకి తెలియదు. ఈసారి సెలవులకు ఇంటికెళ్లినప్పుడు అమ్మానాన్నలను దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి బీపీ చూపిద్దాం. ఆ మహనీయుడికి మనం చేయగల నివాళి అదే.