నోరు పెగలని వకీలు, ప్రిటోరియా సేట్లు

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పిల్లల్లో చదువుండీ నలుగురిలో నోరు విప్పలేనివాళ్లు చాలామంది. గాంధీ కూడా అలాంటివాడే.

1869లో పోర్‌బందర్‌లో పుట్టిన ఆయన, ఎవరైనా పలకరిస్తారేమోనని బడి వదలగానే ఇంటికి పరుగెత్తేవాడు. లండన్‌లో శాకాహార సంఘం సమావేశానికి ప్రసంగం రాసుకెళ్లాడు. చదవలేకపోతే వేరేవాళ్లు చదివారు. 1891లో బారిస్టరయ్యాడు. బొంబాయి చిన్న కోర్టులో తొలి కేసు, ఫీజు 30 రూపాయలు. సాక్షిని ప్రశ్నించడానికి లేచాడు, తల తిరిగింది, ఒక్క మాటా రాలేదు. కేసు వదిలేసి బయటికొచ్చేశాడు.

1893లో దాదా అబ్దుల్లా కంపెనీ వ్యాజ్యం పని మీద దక్షిణాఫ్రికా వెళ్లాడు. ప్రిటోరియాలో సేట్ హాజీ ముహమ్మద్ హాజీ జూసబ్ ఇంట్లో సభ. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మేమన్ వ్యాపారులు. వ్యాపారంలో నిజాయితీ గురించి మాట్లాడాడు. విషయం బాగా ఆలోచించుకుని వెళ్లాడు, ఎదురుగా ఉన్నవాళ్లు తనవాళ్లు. ఆయన తొలి బహిరంగ ప్రసంగం అదే.

అంతటితో భయం పోయిందనుకోవద్దు. 1896లో బొంబాయి పెద్ద సభలో గొంతు వణికి, ప్రసంగాన్ని వాచా చదవాల్సి వచ్చింది. అయినా ఆయన మానలేదు. 1921లో కడపకు వచ్చేసరికి ఆయన మాట వినడానికి దేశమంతా ఎదురుచూసేది.

బిడియం వల్ల మాటల్లో పొదుపు నేర్చుకున్నానని తర్వాత ఆయనే రాసుకున్నారు. మన పిల్లలూ తెలిసిన విషయంతో, తెలిసినవాళ్ల ముందు మొదలుపెడితే చాలు.