ఆకాశాధిపత్యము: జూలియో డూహే జీవితము

యుద్ధభూమికి ఆవల జనులు నిద్రించు నగరములపై బాంబులు కురిపించుటయే యుద్ధమును శీఘ్రముగా ముగించు మార్గమని ప్రతిపాదించినవారిలో ప్రథమగణ్యుడు ఇటలీ సేనాని జూలియో డూహే. ప్రాణనష్టమును తగ్గించు ఉపాయముగనే అతడు దానిని భావించుట వింత.

1869లో నేపుల్స్ సమీపమున గల కసెర్తా పట్టణమున డూహే జన్మించెను. ఫిరంగి దళమున అధికారిగా చేరెను. విమానము ఇంకను వింతవస్తువుగా ఉన్న కాలముననే, భూమియు సముద్రమును వలె ఆకాశమును రణరంగము కాగలదని వ్రాసెను. 1911 నవంబరు 1న ట్రిపోలీ సమీపమున ఇటలీ వైమానికుడు గవోట్టి విమానమునుండి నాలుగు చిన్న బాంబులను చేతితో జారవిడిచెను. యుద్ధమున విమానమునుండి బాంబు పడుట అదియే మొదలు. మరుసటి సంవత్సరము డూహే ట్యూరిన్ నగరమున వైమానిక దళమునకు నాయకుడయ్యెను.

1915లో ఇటలీ ప్రపంచయుద్ధమున ప్రవేశించెను. ఇసోంజో నదీతీరమున కొలది గజముల నేలకై వేలకొలది సైనికులు మడియుచుండిరి. డూహే సహింపలేక, సేనానాయకత్వపు అసమర్థతను తీవ్రముగా విమర్శించెను. అందులకు 1916లో సైనిక న్యాయస్థానము అతనికి ఒక సంవత్సరము కారాగారశిక్ష విధించెను. ఆ శిక్ష ముగియు నాటికి, 1917 అక్టోబరులో, కపోరెట్టో కడ ఇటలీ సేన ఛిన్నాభిన్నమై, రెండున్నర లక్షలకు పైగా సైనికులు బందీలైరి. 1920లో అతనిపై తీర్పు రద్దయ్యెను. ఒక మాట నిజమైనందున అతని తరువాతి మాటకు విలువ హెచ్చెను.

ఆ తరువాతి మాటయే 1921లో వెలువడిన ‘ఆకాశాధిపత్యము’ అను గ్రంథము. విమానములను అడ్డగించుట దుస్సాధ్యము. కావున శత్రునగరములపై పేలుడు బాంబులు, అగ్ని బాంబులు, విషవాయువులు ప్రయోగించినచో ప్రజలు భీతిల్లి, తమ ప్రభుత్వముచే సంధి చేయింతురు. యుద్ధము త్వరలో ముగిసి, మొత్తముమీద రక్తపాతము తగ్గును. ఇదియే అతని లెక్క. అది సరిపోయినదో లేదో చూడకయే 1930లో అతడు మరణించెను.

చూచినవారు నగరవాసులు. 1940–41లో జర్మనీ దాడులవలన బ్రిటనులో 40 వేలకు పైగా పౌరులు మరణించిరి. లండనువాసులనేకులు భూగర్భ రైలుస్టేషనులలో రాత్రి గడిపి, తెల్లవారినంతనే పనులకు పోయిరి. 1942 ఏప్రిల్ 6న జపాను బాంబులు విశాఖపట్టణముపై పడగా జనులు ఊరు విడిచి పల్లెలకు తరలిపోయిరి. సంధి కోరినవారు లేరు. 1943 జులైలో హాంబర్గు నగరమున 30 వేలకు పైగా ప్రజలు ఆహుతి యైరి. అయినను జర్మనీ ఆయుధోత్పత్తి 1944 నడుమవరకు పెరుగుచునే ఉండెను. 1945 మార్చిలో ఒక్క రాత్రి టోక్యోలో సుమారు లక్షమంది మరణించిరి, యుద్ధము ఆగలేదు. హిరోషిమా, నాగసాకి నగరముల నాశనానంతరము జపాను లొంగినది నిజమే. అణుబాంబుల ప్రభావమెంత, రష్యా యుద్ధప్రవేశ ప్రభావమెంత అను వాదము చరిత్రకారులలో తెగలేదు. కాని అచ్చటను ప్రజలు తిరుగబడలేదు. లొంగుబాటును నిర్ణయించినవారు చక్రవర్తియు మంత్రులును.

డూహే గణించినది యంత్రముల శక్తిని; గణింపనిది మనుష్యుని స్థితిని. ఇల్లు కూలినవానికి ఆ పూటకు కూడు, నీరు, నీడ కావలెను. వానికై అతడు చేయి చాపవలసినది తన ప్రభుత్వమునకే. అట్టివాడు ఆ ప్రభుత్వముపై తిరుగబడుట ఎట్లు? కందకములలోని మృత్యువును తప్పింపగోరిన సేనాని, దానిని ఊయలల కడకు పిలుచు త్రోవ చూపినవాడయ్యెను.