శ్రీమతి భండారు అచ్చమాంబగారు

బాటసింగారము మీదుగా తూర్పునకు సాగు హైదరాబాదు - విజయవాడ రాజమార్గము మునగాల, కోదాడలను దాటి నందిగామను చేరును. ఆ నందిగామ ప్రాంతముననే అచ్చమాంబగారు 1874లో జన్మించిరి. తండ్రి కొమర్రాజు వెంకటప్పయ్యగారు, తల్లి గంగమాంబగారు. ఆరేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. పదియవయేట భండారు మాధవరావుగారితో వివాహమయ్యెను. నాటి ఆచారమునుబట్టి అంతటితో ఆడపిల్ల చదువు ముగియవలసినదే. అచ్చమాంబగారి చదువు మాత్రము అత్తవారింటనే ఆరంభమయ్యెను.

మాధవరావుగారు మధ్యపరగణాలలో ఉద్యోగులు. తమ్ముడు లక్ష్మణరావు విద్యాభ్యాసమునకై అక్కగారి యింట చేరెను. ఆ బాలుడు పాఠములు వల్లించుచుండగా ప్రక్కన కూర్చుండి ఆమె తెలుగు, హిందీ నేర్చుకొనిరి. పాఠశాల గడప త్రొక్కకయే మరాఠీ, బెంగాలీ, గుజరాతీ గ్రంథములను చదువగలవారైరి. కన్న బిడ్డలిరువురును పసితనముననే పోయిరి. ఆ దుఃఖమునకు లోబడక అనాథబాలలను చేరదీసి, వారికి అన్నమును అక్షరమును పెట్టిరి.

స్త్రీలు అబలలనియు, మందబుద్ధులనియు, చదివినచో చెడిపోవుదురనియు పెద్దలనబడువారే పలుకుచున్న కాలమది. అచ్చమాంబగారు వారిని దూషింపలేదు. వారి యెదుట నిదర్శనములుంచిరి. గడచిన వేయేండ్ల భారతచరిత్రను శోధించి, రాజ్యమేలిన రాణులను, రణమునకు వెఱవని వీరవనితలను, విదుషీమణులను వెదకి, వారి జీవితములను గ్రంథస్థము చేసిరి. అదియే 1901లో వెలువడిన అబలా సచ్చరిత్ర రత్నమాల. స్త్రీకి లోపించినది బుద్ధి కాదనియు, అవకాశమేననియు ఆ గ్రంథము పుటపుటను చాటును. పురాణస్త్రీల చరిత్రలను, పరదేశస్త్రీల చరిత్రలను గూడ వేఱు భాగములుగా వ్రాయ సంకల్పించిరి.

కథారచనయందును ఆమె ముందడుగు వేసిరి. ధనత్రయోదశి యను కథ 1902లో హిందూసుందరి పత్రికలో ప్రకటితమయ్యెను. గురజాడవారి దిద్దుబాటునకు అది ఎనిమిదేండ్లు ముందటిది. పేదరికమున అన్యుల ధనమునకు ఆశపడిన భర్తను ఇల్లాలు ధర్మమార్గమునకు మరల్చుటయే అందలి యితివృత్తము. ఆ యేడే ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో కలిసి మచిలీపట్టణమున బృందావన స్త్రీసమాజమును స్థాపించిరి. అటుపిమ్మట ఆంధ్రదేశమున పర్యటించి, స్త్రీలు సమాజములుగా కూడి చదువవలెననియు మాటలాడవలెననియు బోధించిరి. గడప దాటుటయే తప్పుగా నెంచబడిన దినములలో అది సామాన్యమైన సాహసము కాదు.

1905 జనవరి 18వ తేదీన బిలాస్‌పూరులో, ప్లేగు రోగులకు పరిచర్య చేయుచు ఆమె కన్నుమూసిరి. నాటికామెకు నిండా ముప్పదియొక్క యేండ్లు లేవు. సంకల్పించిన భాగములు పూర్తి కాలేదు.

అక్కగారి ప్రక్కన పాఠములు వల్లించిన ఆ బాలుడే కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు. రత్నమాల వెలువడిన 1901లోనే హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పినవారిలో ఆయన యొకరు. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించి, శాస్త్రచరిత్రలను తెలుగువారి యింటింటికి చేర్చిరి. ఒక తెలుగింట ఒకే దీపము క్రింద అక్కయు తమ్ముడును చదివిన ఫలమిది.

గ్రంథాలయమున బీరువా తెఱచియుండుట మాత్రమే చాలదు. పొలమునుండి, వంటయింటినుండి వచ్చిన బాలికకు అచ్చట కూర్చుండుటకు చోటును, చదువుకొనుటకు తీరికయు లభింపవలెను. పుస్తకము పుచ్చుకొని పోవుటకు అన్నదమ్ముల అనుమతి ఆమెకు అవసరము కారాదు. ఏ గ్రామమున అట్లు జరుగునో, ఆ గ్రామమున అచ్చమాంబగారి అసంపూర్ణగ్రంథము కొనసాగుచున్నట్లే.